పెళ్లి వీడియో ఎవరి చేతుల్లో పెడుతున్నారు?

ఫంక్షన్‌ హాలు దొరికింది. కేటరింగ్‌కి అడ్వాన్సు ఇచ్చారు. పంతులుగారు లగ్నపత్రిక రాసిచ్చారు. చీరలకి కంచి వెళ్లాలా, ధర్మవరం వెళ్లాలా అన్న చర్చ ఇంకా తెగలేదు కానీ ఎలాగోలా తెగుతుంది. ఇక వీడియో సంగతి...

‘దానికేముందే, మీ బాబాయ్‌ కూతురి పెళ్లికి తీసినతను ఉన్నాడుగా. ఓ ఫోన్‌ కొడితే సరి’ అంటారు నాన్న.

‘అబ్బా... అతను కాదు నాన్నా! ఇన్‌స్టాలో ఒకళ్లున్నారు. ఎంత బాగా తీస్తారో చూడు’ అంటూ ఫోన్‌ తిప్పి చూపిస్తుంది పెళ్లికూతురు. అర నిమిషం రీల్‌. లేత పొగమంచు, గాల్లో నెమ్మదిగా తేలుతున్న తలంబ్రాలు, వెనక ఓ హిట్‌ పాట. అందరూ ముచ్చటపడిపోతారు. సాయంత్రానికల్లా అడ్వాన్సు వెళ్లిపోతుంది.

పెళ్లి పనులన్నింట్లోకీ ఇంత తక్కువ ఆలోచించి తేల్చేసేది మరొకటి లేదేమో! పప్పులో ఉప్పెక్కువైతే ఆ పూటతో పోతుంది. మండపం పూలు మర్నాటికి వాడిపోతాయి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా బీరువాలో మిగిలేవి నాలుగే... తాళిబొట్టు, పట్టుచీర, ఆల్బమ్‌, వీడియో. చీర నచ్చకపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. వీడియో బాగా రాలేదని పెళ్లి మళ్లీ చేసుకోలేం కదా. పోయినసారి భోజనాల గురించి చెప్పుకొన్నాం కాబట్టి ఈ వారం ఈ కెమెరా సంగతి చూద్దాం.

రీల్‌ చూసి మురిసిపోకండి

రీల్‌ అంటే ఏమిటి? ఆరేడు గంటల పెళ్లిలోంచి ఏరిన ముప్ఫై సెకన్లు. ఎంత మామూలుగా తీసేవాళ్లకైనా పది పెళ్లిళ్లు తీస్తే ముప్ఫై మంచి సెకన్లు దొరక్కపోవు. వాటికి స్లోమోషన్‌ పెట్టి, రంగులద్ది, పాట తగిలిస్తే ఎవరి పెళ్లైనా సినిమాలాగే ఉంటుంది. మనం చూడాల్సింది ఆ మిగతా గంటలన్నీ అతను ఏం తీశాడన్నది.

అందుకని స్టూడియోకి వెళ్లండి. ఒకే పెళ్లి వీడియోని... హైలైట్స్‌ కాదు, టీజర్‌ కాదు, ఆ కుటుంబానికి ఇచ్చిన పూర్తి వీడియోని చూపించమనండి. వాళ్ల అనుమతి తీసుకునే చూపించాలి, అది వేరే సంగతి. ‘ఫుల్‌ లెంగ్త్‌ ఇప్పుడెవరు చూస్తారు మేడమ్‌, టీజర్‌ చూడండి’ అని నవ్వేస్తే మీరూ ఓ నవ్వు నవ్వి లేచి వచ్చేయండి.

మూడు గంటల వీడియోని మూడు గంటలూ కూర్చుని చూడక్కర్లేదు. ముందుగా జీలకర్ర-బెల్లం దగ్గరికి వెళ్లండి. తాళి కట్టడమే ముహూర్తమని చాలామంది అనుకుంటారు గానీ మన పెళ్లిళ్లలో చాలావాటికి పంతులుగారు పెట్టిన సుముహూర్తం జీలకర్ర-బెల్లానిది. అడ్డుతెరకి అటు అమ్మాయి, ఇటు అబ్బాయి. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు. తెర తీస్తారు. ఆ మొదటి చూపు ఎంతసేపు? మహా అయితే మూడు నాలుగు సెకన్లు! కెమెరా ఒకటే ఉంటే అది తెరకి ఒక పక్కనే ఉంటుంది. అబ్బాయి ముఖం దొరికితే అమ్మాయిది దొరకదు. రెండు కెమెరాలు ఎందుకు కావాలో, ఖర్చెందుకు పెరుగుతుందో ఈ ఒక్క ఘట్టం చూస్తే అర్థమైపోతుంది. ఆ పెళ్లి వీడియోలో ఇద్దరి ముఖాలూ కనిపించాయా? లేక ఫొటోగ్రాఫర్ల వీపులు కనిపించాయా?

తర్వాత భోజనాల దగ్గరికీ, కుర్చీల్లో కూర్చున్న చుట్టాల దగ్గరికీ వెళ్లండి. కెమెరా ఎవరి మీద ఆగుతోందో గమనించండి. కొందరి వీడియోల్లో ఖరీదైన చీరలు, చలాకీగా తిరిగే అమ్మాయిలు తప్ప ఇంకెవరూ ఉండరు. గోడవారగా కూర్చున్న తాతయ్య, వంటల దగ్గర హడావుడి పడుతున్న మేనత్త, బూందీ గిన్నె చుట్టూ తిరుగుతున్న పిల్లలు... వీళ్లు ఉన్న వీడియో తీసినవాడు పెళ్లిని చూసినట్టు.

ఆఖరున అప్పగింతలు. ఇక్కడ మాత్రం ఓ పని చేయండి. కళ్లు మూసుకుని వినండి.

పాట కింద మాట పోతోంది

వింటే ఏమొస్తుంది? చాలా వీడియోల్లో ఏమీ రాదు. పాట వస్తుంది. పాలల్లో చేతులు ముంచి అమ్మాయిని అత్తింటివారికి అప్పగిస్తూ ఆ తండ్రి ఏమన్నాడో, ‘మా ఇంటి పిల్లలాగే చూసుకుంటాం అన్నయ్యగారూ’ అని వియ్యపురాలు ఎలా అందో, అమ్మ చెవిలో ఏం చెప్పిందో... అన్నీ ఓ సినిమా పాట కింద సమాధి!

మాకు బాగా తెలిసిన ఒకావిడ ఉన్నారు. పెళ్లై పన్నెండేళ్లు. నాలుగేళ్ల కిందట వాళ్లమ్మ పోయారు. సంవత్సరీకాలయ్యాక ఓ రాత్రి అమ్మ గొంతు వినాలనిపించి పెళ్లి వీడియో పెట్టుకున్నారట. మూడు గంటల వీడియో. అమ్మ చాలా చోట్ల కనిపించింది. నవ్వుతోంది, ఎవరినో పిలుస్తోంది, అప్పగింతల్లో పెదాలు కదులుతున్నాయి. మాట మాత్రం ఒక్కటీ లేదు. మొదట్నుంచి చివరిదాకా పాటలే. మర్నాడు వీడియో తీసినతనికి ఫోన్‌ చేస్తే ‘అమ్మా, ఒరిజినల్‌ ఫుటేజీ మేం ఆర్నెల్లకి మించి ఉంచమమ్మా’ అన్నాడు. అతని తప్పేం లేదు. ఉంచమని వీళ్లు అడగలేదు, ఉంచుతానని అతను చెప్పలేదు. చివరికి వాళ్ల పెదమామయ్య పాత ఫోన్‌లో పదిహేడు సెకన్ల క్లిప్పు ఒకటి దొరికింది. అందులో ఆవిడ ఎవర్నో కసురుతున్నారు... ‘ఆ పళ్లెం అక్కడ పెట్టమాకురా, తొక్కేస్తారు!’ అని. ఇప్పుడు ఆ పదిహేడు సెకన్లని మూడు చోట్ల దాచుకున్నారు.

మాటలు ఇలా పోవడానికి కారణం వీడియోగ్రాఫర్ల బద్ధకం కాదు. పాత వీహెచ్‌ఎస్‌ రోజుల్లో కళ్లు బైర్లు కమ్మే హాలోజన్‌ లైటు వేసుకుని, భుజం మీద కెమెరాతో ఒకతను వచ్చేవాడు. మేకప్‌ కరిగేది, పంతులుగారికి చెమటలు పట్టేవి. బొమ్మ అంతంతమాత్రం. మిక్సింగ్‌ పేరుతో గుండె గుర్తుల్లో మొహాలు తిప్పి పాటలు పెట్టడం అప్పుడూ ఉంది. కానీ కెమెరా ఒకసారి ఆన్‌ చేస్తే తిరుగుతూనే ఉండేది. మంత్రాలు, మేళం, చుట్టాల గొడవలు, ‘కాఫీ ఇంకా రాలేదేం’ అన్న కేకలు... మిక్సింగ్‌లో పోయినవి పోగా మిగతావన్నీ టేపులోనే ఉండేవి.

2008లో కెనాన్‌ 5డి మార్క్‌ 2 వచ్చింది. ఫొటోలు తీసే కెమెరాతోనే సినిమాలాంటి వీడియో! వెనకున్నదంతా మసకేసి ముఖం ఒక్కటే మెరిసేలా తీయొచ్చు. పెళ్లి వీడియోల తీరే మారిపోయింది. అయితే అలాంటి కెమెరాల్లో చాలావాటిలో అప్పట్లో రికార్డింగ్‌ అరగంటలోపే దానంతటదే ఆగిపోయేది. పైగా కెమెరాలో ఉండే బుల్లి మైకు దూరపు మాటల్ని పట్టుకోలేదు. దాంతో పది సెకన్ల ముక్క ఒకటి, ఎనిమిది సెకన్ల ముక్క ఇంకోటి తీసి, అన్నింటినీ పాటతో కుట్టేయడం అలవాటైంది. దానికే ‘సినిమాటిక్‌’ అని పేరు. ఇప్పటి కెమెరాలు గంటల తరబడి ఆగకుండా తీస్తాయి గానీ, అలవాటు మాత్రం ఉండిపోయింది.

సినిమాటిక్‌ వద్దనడం లేదు. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకి ఇష్టం, తీయించుకోండి. దాంతోపాటు ఇంకో కెమెరా స్టాండు మీద, మండపానికి ఎదురుగా, ఆగకుండా నడవాలి. గణపతి పూజ దగ్గర మొదలై తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేదాకా. దాన్ని వాళ్ల భాషలో ‘ట్రెడిషనల్‌’ అంటారు. ఖర్చు తగ్గించుకోవాలంటే డ్రోన్‌ తీసేయండి, ప్రీ వెడ్డింగ్‌ షూట్‌ తీసేయండి. ఆగని కెమెరాని మాత్రం తీసేయొద్దు.

దాంతోపాటు మైకు. చొక్కాకి తగిలించుకునే చిన్న వైర్‌లెస్‌ మైకులు ఇప్పుడు మామూలే. పెళ్లికొడుకు కండువాకి ఒకటి, పంతులుగారికి ఒకటి. పంతులుగారు హాలు మైకులో మంత్రాలు చదువుతుంటే ఆ సౌండ్‌ సిస్టమ్‌ నుంచి నేరుగా కూడా రికార్డు చేసుకోవచ్చు. గట్టిమేళం మోగేటప్పుడు ఏ మైకూ ఏమీ చేయలేదు, అది మోగాల్సిందే! మేళం ఆగాక వచ్చే మాటలే మనకు కావాలి. అప్పగింతలప్పుడు ఆ మైకుని నాన్న చొక్కాకి మార్చాలని ముందే చెప్పిపెట్టండి. ‘సార్‌, సౌండ్‌ ఎలా తీసుకుంటారు?’ అని మీరడిగిన వెంటనే అతను సర్దుకుని కూర్చుని జవాబిస్తే మంచి మనిషి దొరికినట్టే. ‘మ్యూజిక్‌ వేస్తాం కదండీ’ అంటే సంగతి తెలిసిపోయింది.

మాట్లాడేది ఒకరు... వచ్చేది మరొకరు!

మన దగ్గర పెళ్లిళ్లు ఏడాది పొడవునా సమానంగా జరగవు. ఆషాఢంలో ఉండవు. గురు మూఢం, శుక్ర మూఢం వస్తే ఉండవు. శూన్యమాసాలు తీసేయాలి. ఇక మిగిలిన మంచి ముహూర్తాల్లో ఊరంతా ఒకేరోజు బాజాలే! వీడియోవాళ్ల జీవనం అంతా ఆ కొద్ది రోజుల మీదే. నెలంతా ఖాళీగా ఉండి ఒకేరోజు నాలుగు పెళ్లిళ్లు వస్తే ఏ స్టూడియో ఓనరైనా ఏం చేస్తాడు? నాలుగూ ఒప్పుకుంటాడు. ఒకదానికి తను వెళ్తాడు, మిగతావాటికి రోజు లెక్కన కెమెరామెన్‌ని పంపుతాడు. మీరు చూసి మెచ్చిన వీడియో ఒకరిది, మీ మండపం మీద నిలబడ్డ మనిషి ఇంకొకరు.

ఇందులో మోసం ఏమీ లేదు. ఆ రోజుకూలీ కుర్రాళ్లలో ఓనర్‌కంటే బాగా తీసేవాళ్లుంటారు. మీరు చేయాల్సిందల్లా ఒక్క ప్రశ్న అడగడం... ‘మా పెళ్లికి కెమెరా పట్టుకునేది ఎవరు? ఒకసారి పిలిపించండి’. అతనితో పది నిమిషాలు మాట్లాడండి. అతను తీసిన పెళ్లి చూడండి. ఆ పేరునే కాగితం మీద రాయించండి.

ఆ మాటల్లో మీ పద్ధతుల గురించి కూడా చెప్పండి. తెలుగు పెళ్లి అంటే అందరిదీ ఒకటే కాదు కదా. కోస్తాలో బాగా అలవాటున్నవాడికి తెలంగాణ పెళ్లిలో ఎదురుకోళ్లు, ఐరేని కుండలు, నాగవల్లి ఎప్పుడు వస్తాయో తెలియకపోవచ్చు. అక్కడివాడికి మీ ఇంటి స్నాతకం, కాశీయాత్ర తెలియకపోవచ్చు. పంతులుగారిని అడిగి ఏది ఎప్పుడో ఓ తెల్లకాగితం మీద రాసివ్వండి. చర్చిలో పెళ్లైతే కెమెరా ఎక్కడిదాకా రావచ్చో, ఫ్లాష్‌ వాడొచ్చో లేదో పాస్టర్‌గారిని ముందే అడగాలి. నిఖాల్లో ఆడవాళ్ల వైపు మగవాళ్లు రాకూడదనుకునే ఇళ్లు చాలా ఉంటాయి. ఇప్పుడు వీడియో తీసే అమ్మాయిలూ దొరుకుతున్నారు. కాకపోతే తక్కువమంది కాబట్టి ముందుగానే మాట్లాడుకోవాలి. అన్నవరం, ద్వారకా తిరుమల లాంటి చోట్ల కొండ మీద పెళ్లైతే కెమెరాలకి ఎక్కడిదాకా అనుమతో దేవస్థానం ఆఫీసులో కనుక్కోండి. అది వీడియోవాళ్ల పని కాదు, మీ పనే.

ఇంకొకటి తప్పకుండా అడగాలి. ‘మీరు పంతులుగారిని ఆపుతారా?’ అని. మీరూ చూసే ఉంటారు... మంగళసూత్రం మెడ దాకా వెళ్లాక ‘సార్‌ సార్‌, ఒక్క నిమిషం! ఇటు చూడండి... స్మైల్‌!’ అని కేక. మూడు ముళ్లు పడేలోపు మూడుసార్లు ఆపేస్తారు. అక్షింతలు పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మలకి అటు నలుగురి వీపులు, ఇటు నలుగురి వీపులు. ఎంత గొప్పగా తీసేవాడైనా సరే, తంతు ఆపి ఫోజు పెట్టించేవాడు నా లెక్కలో వద్దు. దేన్ని దాచుకుందామని వచ్చాడో దాన్నే చెడగొడుతున్నాడు మరి. తలంబ్రాలు అయ్యేదాకా మండపం మీదకి ఎంతమంది ఎక్కొచ్చు, ఎక్కడ కూర్చుని తీయాలి... ఇవన్నీ ముందే మాట్లాడుకోండి. ఫొటోలు ఒకరు, వీడియో మరొకరు తీస్తుంటే ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి మరీ మాట్లాడండి. లేకపోతే ఆ తోపులాట మీ వీడియోలోనే వస్తుంది.

హాలు గురించి కూడా ఓ మాట. ఈమధ్య మండపం వెనక పూల బదులు ఎల్‌ఈడీ గోడ పెడుతున్నారు. కంటికి జిగేల్‌మంటుంది గానీ కెమెరాలో ముందున్న మొహాలు నల్లబడతాయి, తెర మీద చారలు పాకుతాయి. కెమెరా సెట్టింగులు తెలిసినవాడైతే సర్దుకుంటాడు. వీలైతే పెళ్లికి ముందు ఒకసారి అతన్ని హాలుకి తీసుకెళ్లి లైట్లు వేసి చూపించండి.

అమెరికా నుంచి చూసేవాళ్లకి

పిల్లలు పరదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇప్పుడు లైవ్‌ తప్పనిసరి. అర్ధరాత్రి దాటాక 2.30కి ముహూర్తమైతే వేసవిలో న్యూజెర్సీలో ముందురోజు సాయంత్రం అయిదు గంటలు. అక్కడివాళ్లు ఆఫీసు నుంచి వచ్చి, పట్టుచీర కట్టుకుని మరీ టీవీ ముందు కూర్చుంటారు. సరిగ్గా జీలకర్ర-బెల్లం టైముకి బొమ్మ ఆగిపోయి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది! ఎందుకంటే ఆ నిమిషంలో హాల్లో ఉన్న వెయ్యి ఫోన్లూ వీడియోలు పంపడానికి ఒకే టవర్‌ మీద పడతాయి. లైవ్‌ ఇస్తామన్నవాళ్లని రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు తెస్తారా, హాలుకి బ్రాడ్‌బ్యాండ్‌ ఉంటే వైరు లాగుతారా అని అడగండి. బ్యాండువాళ్లు సినిమా పాట వాయిస్తే యూట్యూబ్‌ కాపీరైట్‌ అంటూ లైవ్‌ని ఆపేసే ప్రమాదం కూడా ఉంది. నాదస్వరం మీద కీర్తనలైతే ఆ భయం తక్కువ.

డ్రోన్‌ గురించి రెండు ముక్కలు. 2021 డ్రోన్‌ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బులు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్‌ పైలట్‌ సర్టిఫికెట్‌ ఉండాలి. విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల లోపు ఆంక్షలున్నాయి. శంషాబాద్‌ చుట్టుపక్కల, గన్నవరం చుట్టుపక్కల ఎన్ని కల్యాణ మండపాలున్నాయో మీకు తెలుసు. ఆ సర్టిఫికెట్‌ చూపించమనండి. పైనుంచి చూస్తే ఎవరి పెళ్లైనా రేకుల షెడ్డూ కార్ల పార్కింగే కనిపిస్తుందన్నది నా సొంత అభిప్రాయం!

కాగితం మీద పెట్టండి

‘అబ్బే, మనవాడే, రాతకోతలెందుకు’ అనుకుంటాం. మనవాడైతేనే రాసుకోవాలి. తర్వాత గట్టిగా అడగలేం కాబట్టి! ఎన్ని గంటలకి వస్తారు, ఎంతమంది, ఎన్ని కెమెరాలు, పెళ్లికూతుర్ని చేయడం నుంచి సత్యనారాయణ వ్రతం దాకా ఏవేవి తీస్తారు, గంట పెరిగితే ఎంత, 18 శాతం జీఎస్టీ చెప్పిన రేటులోనే ఉందా పైనా, వీడియో ఎప్పటికిస్తారు... ఒక పేజీ చాలు. డబ్బు మూడు భాగాలుగా ఇస్తే మంచిది. చివరి భాగం వీడియో మొత్తం చేతికొచ్చి, చూశాకే. రసీదులు దాచండి. రేపు ఏదైనా తేడా వస్తే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ముందుగా 1915కి ఫోన్‌ చేస్తే ఏం చేయాలో చెబుతారు. కాకపోతే కమిషన్‌ మీకు డబ్బు ఇప్పించగలదు గానీ, పోయిన తలంబ్రాల్ని తెప్పించలేదు.

కాగితంలో చూడాల్సిన చిన్న అక్షరాలు మరో రెండున్నాయి. ఒకటి హక్కుల సంగతి. 1957 కాపీరైట్‌ చట్టం 17వ సెక్షన్‌ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, ఫిల్ముకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే... వేరే ఒప్పందం లేకపోతే! ఆ ‘వేరే ఒప్పందం’ మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో ఉండొచ్చు. మీ అమ్మాయి జడ వేసుకుంటున్న క్లిప్పు ఆ స్టూడియో పేజీలో లక్షమంది చూశాక ‘తీసేయండి బాబూ’ అని బతిమాలుకునే కంటే, మమ్మల్నడగకుండా ఎక్కడా పెట్టకూడదని ముందే రాయించుకోవడం నయం.

రెండోది అసలు ఫుటేజీ. ఎడిటింగ్‌ చేయక ముందు కెమెరాల్లో ఉన్నదంతా. 4కె వీడియో సెకనుకి వంద మెగాబిట్ల నాణ్యతతో తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు ఆరేసి గంటలు ఆగకుండా తీస్తే 540 జీబీ. అంటే ఒక టీబీ హార్డ్‌ డిస్కులో పట్టేస్తుంది. డిస్కు మీరే కొనిచ్చి, మొత్తం అందులో వేసివ్వమనండి. కొందరు దీనికి కొంత అదనంగా అడుగుతారు, కొందరు అసలు ఇవ్వమంటారు. ఇవ్వమనేవాళ్లని ఎంచుకోకండి. ఆ పాటలు వేసిన వీడియో ఎలా ఉన్నా, అసలు మాటలు మీ దగ్గరుంటే పదేళ్ల తర్వాత ఎవరితోనైనా మళ్లీ ఎడిట్‌ చేయించుకోవచ్చు. కెమెరాలో రెండు మెమరీ కార్డులు పెట్టి ఒకేసారి రెండింట్లోనూ రికార్డు చేస్తారా అని కూడా అడగండి. ఒక కార్డు చెడిపోతే పెళ్లి మొత్తం పోకుండా ఉండేందుకు ఉన్న ఏర్పాటది.

ఆ రోజు మీరు చేయాల్సింది

వీడియోగ్రాఫరుకి మీ చుట్టాలెవరో తెలియదు. పెళ్లికూతురి అమ్మమ్మ ఎవరో, పక్కింటి పెద్దావిడ ఎవరో అతనికి ఒకటే. అందుకని కెమెరా పక్కన ఉండటానికి ఇంట్లోంచి ఒక మనిషిని పెట్టండి. బావమరిదో, పిన్ని కూతురో... అందర్నీ తెలిసినవాళ్లై, నోరున్నవాళ్లై ఉండాలి. చేతికి పదిహేను పేర్ల చీటీ ఇవ్వండి. పెద్దవాళ్లు ముందు. వాళ్లు భోజనం చేసి త్వరగా వెళ్లిపోతారు కాబట్టి వచ్చీ రాగానే తీయించాలి. ఊరికే నిలబెట్టి తీయడం కాదు, ‘తాతయ్యా, నీ పెళ్లికి ఎడ్లబండి మీద వెళ్లావటగా?’ అని ఒక్క మాట కదపండి. మైకు ఉంది కదా, ఆయన చెప్పింది చెప్పినట్టు పడుతుంది.

ఇక భోజనం! కెమెరావాళ్లు పొద్దున పెళ్లికూతురి దగ్గర మొదలెడితే మర్నాడు తెల్లారేదాకా నిలబడే ఉంటారు. అందరూ తిన్నాక, గిన్నెలు సర్దేసే వేళకి వాళ్లు గుర్తొస్తారు మనకి. ముహూర్తానికి గంట ముందే ఇద్దరిద్దర్ని పిలిచి ఆకు వేయించండి. కడుపు కాలుతున్న మనిషి చేతిలో కెమెరా నిలకడగా ఉండదు. ఈ పని ఎవరికి అప్పగించారో అది కూడా ఆ కేటరింగ్‌ చీటీలోనే రాసేయండి.

పెళ్లయ్యాక వీడియో ఆలస్యమైతే తప్పంతా వాళ్లదే కాదండోయ్‌! ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచి పంపమంటే అమ్మాయి అమెరికాలో, అబ్బాయి తరఫువాళ్లు విజయనగరంలో, ‘వదిన చూశాక పంపుతాం’ అంటూ ఆర్నెల్లు గడిపేసే ఇళ్లు బోలెడు. ఆ పని హనీమూన్‌ నుంచి రాగానే ఓ ఆదివారం కూర్చుని తేల్చేయాలి.

డ్రైవ్‌ లింకు పంపించి ‘డౌన్‌లోడ్‌ చేసుకోండి’ అంటే ఆ రోజే చేసుకోండి, కొన్నాళ్లకి అది పనిచేయదు. పాత సంగతి గుర్తుంది కదా... వీహెచ్‌ఎస్‌ క్యాసెట్లు బీరువాలో ఉన్నాయి, వాటిని వేసి చూసే వీసీఆర్‌లు లేవు. జపాన్‌లో ఫునాయ్‌ కంపెనీ 2016 జులైలో వాటి తయారీ ఆపేసింది. ఆ తర్వాత సీడీలొచ్చాయి, డీవీడీలొచ్చాయి, ఇప్పుడు లాప్‌టాప్‌లలో వాటిని పెట్టే చోటే ఉండటం లేదు. ఇంట్లో ఇంకా పాత క్యాసెట్లుంటే బూజు పట్టకముందే డిజిటల్‌లోకి మార్పించండి. పనిలో పనిగా ఆ మాట కొత్త వీడియోగ్రాఫర్‌నే అడగొచ్చు.

కొత్తగా వచ్చిన హార్డ్‌ డిస్కుని చివరి డబ్బు ఇచ్చే ముందు కంప్యూటర్‌కి తగిలించి ఒక్కో ఫైలూ తెరిచి చూడండి. మొదలు, మధ్య, చివర. మాట వినిపిస్తోందా? జీలకర్ర-బెల్లం రెండు వైపుల నుంచీ ఉందా? అన్నీ ఉన్నాయనుకున్నాక ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో. రెండింటి మీదా పేర్లు, తేదీ రాసి అతికించండి.